ముందు గడ్డపార, తర్వాతే ట్రాక్టరు

మా అన్న కొడుకు సంగారెడ్డి దగ్గర ఐదెకరాల ఎర్రచెలక కొని రెండేళ్లు బీడు పెట్టాడు. ఈసారి వానలకు గడ్డి మోకాళ్ల దాకా లేచింది. "బాబాయ్, రోటవేటర్ తిప్పించేద్దామా? ఒక్క పూటలో అయిపోతుందంటున్నారు" అని ఫోన్ చేశాడు. ముందు నాలుగు చోట్ల గడ్డపారతో తవ్వి, అది ఏ గడ్డో వేళ్లతో సహా చూడమన్నాను.

ఎక్కడ తవ్వినా తుంగ, గరికే. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి. గడ్డిలా కనిపించినా అది గడ్డి జాతి కాదు. దాని ప్రాణమంతా నేలలో, ఎక్కువగా జానెడు లోతులోపు, గొలుసుకట్టుగా అల్లుకున్న నల్లటి దుంపల్లో ఉంటుంది. రోటవేటర్ ఆ గొలుసును తెంచి దుంపల్ని చేనంతా పరుస్తుంది. గరికదీ అదే దారి: ఒక్క కణుపు మిగిలినా తడి తగిలితే వేరు పోసుకుంటుంది. వానాకాలంలో ఈ నేలకు రోటవేటర్ వేయించడమంటే డబ్బిచ్చి కలుపు నాటించుకోవడమే. అద్దెకిచ్చేవాళ్లు ఈ మాట చెప్పరు.

"మరి ఇప్పుడేం చేయను?" అన్నాడు. పూత రాకముందే కోయించు, గొర్రెల మందను తోలించు. గరిక మంచి మేత. మంద రాత్రి అక్కడే ఉంటే నేలకు ఎరువు కూడా దక్కుతుంది.

అసలు పని వేసవిది. తేమ ఆరాక ఎం.బి. నాగలితో లోతుగా తిరగేయించాలి. బెడ్డలు లేస్తాయి, వాటిని పగలగొట్టొద్దు. పైకి తేలిన దుంపలు ఏప్రిల్, మే ఎండలకు ఎండి చస్తాయి. గరిక తీగల్ని గొర్రుతో లాగి, ఏరి బయట ఆరబెట్టాలి. మధ్యలో అకాల వాన పడితే మొలకలు లేస్తాయి, నేల ఆరగానే మళ్లీ దున్నాలి. ఒక్క వేసవితో తీరదు, ఓపిక పట్టాల్సిందే.

మిగిలినవాటికి నీడ చాలు. తుంగ, గరిక రెండూ నీడకు ఓర్వవు. తొలకరికి ఎకరాకు 15-20 కిలోల జనుము చల్లితే, నెలన్నరలో ఏపుగా పెరిగి కింద వెలుతురు పడనివ్వదు. పూతకొచ్చినప్పుడు కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువవుతుంది.

గ్లైఫోసేట్ సంగతీ అడిగాడు. అది పచ్చని ఆకు ద్వారా దుంపకు దిగే మందు. ఎండకు వాడిన గడ్డి మీద కొట్టినా, మురికి నీళ్లలో కలిపినా సరిగా పనిచేయదు. పైగా పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. రైతు వీపుకు ట్యాంకు తగిలించుకుని కొట్టే రోజులు పోవాలనే నా కోరిక కూడా.

గట్ల మీది గరికను మాత్రం ముట్టుకోవద్దన్నాను. వాన కోతకు మట్టి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. గట్టు వెంట మూరెడు సాలు తీసి, చేలోకి పాకే తీగల్ని అప్పుడప్పుడు కత్తిరిస్తే సరిపోతుంది.