పిల్లల చేతికి బేతాళుడు

ఇటీవల ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించుచున్న చిరకాల మిత్రుడు నాకొక ఉత్తరము వ్రాసినాడు. పాఠ్యపుస్తకము తప్ప వేరొక పుస్తకము ముట్టని బాలుడొకడు, గ్రంథాలయపు బీరువానుండి దయ్యాల కథల పుస్తకమొకటి తీసికొనిపోయి రెండు దినములలో ముగించినాడట. మూడవనాడు తండ్రి దానిని తెచ్చి బల్లపై పెట్టి, "మాస్టరుగారూ, మావాడికి ఇటువంటివి ఇవ్వకండి" అని వెళ్లినాడట. ఇక ఇవ్వవచ్చునా, మానవలెనా అని మిత్రుని సందేహము.

మానవద్దని నా అభిప్రాయము. అయితే ఒక్క పుస్తకముతో ఆగిపోవునవి గాక, ఒకదాని వెంట మరొకటి చదివించు కథామాలికలను ఇవ్వవలెను. అందు మొదటి తాంబూలము బేతాళునిదే. 11వ శతాబ్దమున కాశ్మీరకవి సోమదేవుడు రచించిన 'కథాసరిత్సాగరము'లో ఈ కథలు ఉన్నవి. శ్మశానము, కటికచీకటి, చెట్టున వ్రేలాడు శవము - భయమునకు కావలసిన సామగ్రి అంతయు సిద్ధము. కాని శవములోని బేతాళుడు మీదపడి కరచునా? లేదు. కథ చెప్పి, న్యాయమెవరి పక్షమున నున్నదో తేల్చుమనును. తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. చెప్పెనా, మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. భయమును ఆలోచనకు ఇంత చక్కగా కాపలా పెట్టిన రచన మరొకటి నేనెరుగను. చివరి చిక్కుప్రశ్నకు రాజునకు సమాధానము తోచదు. తోచకనే మౌనముగా నడచును. ఆ మౌనమే అతనిని గెలిపించును. ప్రతి ప్రశ్నకును ఏదో ఒకటి వ్రాసి రండని పిల్లలను పరీక్షలకు పంపు మనవంటివారికి ఇదొక చిన్న చురక!

1947లో పుట్టిన 'చందమామ' ఈ చట్రములోనే కొత్త కొత్త కథలను దశాబ్దముల తరబడి నడిపినది. శంకర్ గారు గీచిన ఆ భుజముమీది శవమును మరచిన తెలుగువాడు అరుదు. ఆ పత్రికలోనే 1954లో 'తోకచుక్క' మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు వచ్చినవి. 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' - పేర్లు చాలును, ఒడలు గగుర్పొడుచుటకు. మా ఊర లాంతరు వెలుగున ఒక సంచికను నలుగురము చదివి, మాంత్రికుడు తరువాత ఏమి చేయునోయని నెల దినములు తర్కించువారము. విచిత్రమేమనగా, వానిపై రచయిత పేరుండెడిది కాదు. 2010లో కన్నుమూసిన ఆ మహానుభావుని పేరు నాకు ఉద్యోగములో చేరిన తరువాతగాని తెలియలేదు.

కొంచెము ఓపిక గల విద్యార్థికి మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీ మజిలీ కథలు' ఇవ్వవచ్చును. మొత్తము పన్నెండు భాగములు. కాశికి పోవు మణిసిద్ధుడను యతి, తోడు వచ్చిన గోపబాలుడు అడిగిన వింతకెల్ల మజిలీ మజిలీకి ఒక కథ చెప్పవలెను. 1951 నాటి 'పాతాళభైరవి'కి మూలము ఇందే ఉన్నది. భాష గ్రాంథికము, మొదటి రెండు మజిలీలు ఉపాధ్యాయుడే చదివి వినిపించిన మంచిది.

యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం', దాని కొనసాగింపు 'తులసి' మాత్రము వేరు జాతివి. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అవి ఊరూర చర్చనీయాంశములు; మూఢనమ్మకములను పెంచునని ఆక్షేపించినవారును కలరు. నేను కళాశాల వయస్సునకు ముందు వానిని ఇవ్వను. రాక్షసుడు లోయలో నున్నంతసేపు పిల్లవానికి నిద్ర పట్టును. చేతబడి తనబోటి పసిపిల్ల పడకగదిలోనికి వచ్చినచో పట్టదు. ఆ తండ్రి కోపమునకు కారణము బహుశః ఇటువంటి పుస్తకమే యగునని నా ఊహ.

ఇదంతయు మిత్రునికి వ్రాసితిని. ఆయన ఈసారి తండ్రిని పిలిపించి, బేతాళ కథను ఒకదానిని ఆయనకే చదువనిచ్చినాడట. నిన్న మరల ఉత్తరము వచ్చినది. పిల్లవాడు కాశీ మజిలీలలో మూడవ భాగము అడుగుచున్నాడు. బీరువాలో రెండే ఉన్నవి. నా వద్దనున్న ప్రతికి అట్ట లేదు. అయినను రేపు తపాలాలో పంపుచున్నాను.