చుక్క ఆయిల్... లక్షల ఇంజిన్!

ఆదివారం తెల్లవారుజాము. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఇంకా మొదలవలేదు. కేబీఆర్ పార్కు చుట్టూ నడకకొచ్చినవాళ్లు తప్ప పెద్దగా అలికిడి లేదు. అంతలో గుర్రుమంటూ ఓ కారు... దాని వెనకే ఇంకొకటి. ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో ఖరీదైన కార్లకు కొదవేముంది? కొదవల్లా వాటి వేగానికి సరిపడా చోటుకే. రోడ్డు మీద ఆ సరదా తీర్చుకోబోతే పోయేది తమ ప్రాణమే కాదు, పక్కవాళ్లది కూడా. అందుకే వేగాన్ని నిజంగా ప్రేమించేవాళ్లు ఆరువందల కిలోమీటర్లు దాటి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోటైకి వెళ్తారు. లేదంటే కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్‌కో!

సినిమావాళ్లకీ రేసులకీ చుట్టరికం పాతదే. సికింద్రాబాద్‌లో పుట్టిన అజిత్ 2010లో ఫార్ములా 2 కారు నడిపారు. 2025 జనవరిలో జరిగిన దుబాయ్ 24 గంటల రేసులో ఆయన జట్టు తన విభాగంలో మూడో స్థానం సాధించింది. నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టును కొన్నారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగినప్పుడు నగరమంతా అటే చూసింది. అవి కరెంటు కార్లు కాబట్టి ఇంజినూ లేదు, ఇంజిన్ ఆయిల్ గొడవా లేదు. పెట్రోలు కారు, అందులోనూ టర్బో ఉన్న కారు ట్రాకెక్కితే మాత్రం అసలు పరీక్ష డ్రైవర్‌కి కాదు... ఆయిల్‌కి!

పళ్లెంలో నీళ్లలా...

ట్రాక్ డే అంటే పోటీ కాదు. రుసుం కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారును ట్రాక్‌పై నడుపుకునే రోజు. రోజూ ఆఫీసుకెళ్లే కారే అక్కడ కొత్త అవతారమెత్తుతుంది. చిక్కంతా ఆ కారును ట్రాక్ కోసం తయారుచేయకపోవడం వల్లే.

మామూలు కార్లలో నాలుగైదు లీటర్ల ఆయిల్ ఇంజిన్ అడుగునున్న పళ్లెంలాంటి పాత్రలో ఉంటుంది. దాన్నే సంప్ అంటారు. అందులో మునిగి ఉన్న గొట్టం ద్వారా పంపు ఆయిల్‌ని పైకి లాగి, తిరిగే భాగాలన్నిటికీ అందిస్తుంది. నీళ్లున్న పళ్లెం పట్టుకుని గబుక్కున పక్కకి తిరిగితే ఏమవుతుంది? నీళ్లన్నీ ఒక వైపుకి పోతాయి. ట్రాక్ మలుపులోనూ అంతే. మంచి టైర్లున్న కారు మలుపు తిరిగేటప్పుడు పక్కకి పడే ఒత్తిడి భూమ్యాకర్షణతో సమానమైతే, సంప్‌లో ఆయిల్ ఏకంగా 45 డిగ్రీలు వాలుతుంది. మలుపు పొడవైతే గొట్టం మూతి పైకి తేలుతుంది. పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది.

క్రాంక్‌షాఫ్ట్‌కీ దాని బేరింగులకీ మధ్య ఉండేది వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని ఆయిల్ పొర. అది ఒకట్రెండు సెకన్లు తెగినా లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. డ్రైవర్‌కి వెంటనే ఏమీ తెలియదు. తర్వాతెప్పుడో ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడు మొదలవుతుంది. అప్పటికి పని అయిపోయినట్టే. కొన్ని విదేశీ కార్లకు ఇంజిన్ మార్చాలంటే లక్షల్లో ఖర్చు.

డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం ఉందిగా అనుకోవచ్చు. అది ఒత్తిడి దాదాపు అడుగంటాకే వెలుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఆయిల్ ఒత్తిడినీ వేడినీ చూపించే మీటర్లు విడిగా బిగించుకుంటారు. మలుపులో ముల్లు ఒక్కసారి పడిపోయినా సరే, వేగం తగ్గించి పిట్‌లోకి వచ్చేస్తారు.

టర్బో ఆకలి

టర్బో అంటే ఇంజిన్ వదిలే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం. దాని ఇరుసుకి రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి బలంగా నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్లలో ఒక పక్క పొగ వేడి 900 డిగ్రీలు. చాలా టర్బోల్లో ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. ఆయిలే ఆధారం, ఆయిలే చల్లదనం.

జోరుగా తిరిగొచ్చి టక్కున ఇంజిన్ ఆపితే పంపు ఆగిపోతుంది. టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి, అడుగంటిన పాలలా బొగ్గు కడుతుంది. అందుకే ట్రాక్‌లో ఆఖరి రౌండు నెమ్మదిగా వేస్తారు.

ఇంకో చిక్కుంది. టర్బో ఒత్తిడికి పిస్టన్ల పక్కనుంచి కొంత వాయువు సంప్‌లోకి జారుతుంది. తిరిగి బయటికొస్తూ ఆయిల్ ఆవిరిని మోసుకొస్తుంది. అది మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలో కలిస్తే నీలిరంగు పొగ, తగ్గిన శక్తి, కొన్నిసార్లు ఇంజిన్‌కే ముప్పు. దారిలో చిన్న డబ్బా పెట్టి ఆ ఆయిల్‌ని పట్టేస్తారు. దాన్నే క్యాచ్ క్యాన్ అంటారు.

మందేంటి?

చవకైన మందు: ట్రాకెక్కే ముందు ఆయిల్‌ని డిప్‌స్టిక్ పైగీత దాకా నింపడం. 'ఎక్కువ పోస్తే మంచిదేగా' అంటే కుదరదు. క్రాంక్‌షాఫ్ట్ దాన్ని కవ్వంలా చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగులను కాపాడలేదు.

తర్వాతి మెట్టు సంప్ లోపల అడ్డుపలకలు. వాటికుండే చిన్న తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయి. ఆయిల్ గొట్టం వైపు వస్తుంది కానీ వెనక్కి పోలేదు. ఒత్తిడి పడిపోగానే కొంత ఆయిల్‌ని ఇంజిన్‌లోకి నెట్టే నిల్వ సీసాలూ ఉన్నాయి. అన్నిటికన్నా గట్టిది డ్రై సంప్. అంటే అడుగున ఆయిల్ నిలవకుండా పంపులు ఎప్పటికప్పుడు లాగేసి వేరే ట్యాంకుకి పంపుతాయి. అసలుసిసలు రేసు కార్లలో ఉండేది ఎక్కువగా ఇదే.

ఆయిల్ వేడి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 130 దాటితే కాలు తీయాల్సిందే. మన ఎండలకు ఆయిల్ కూలర్ విలాసం కాదు, అవసరం.

ఇదంతా సొంత కారు కోసమే అనుకుంటే పొరపాటు. గొట్టం ఊడి ఆయిల్ కారితే అది ముందు పడేది సొంత టైర్ల కిందే. కాలుతున్న టర్బో మీద పడితే మంట. ట్రాక్ మీద పడితే వెనకొచ్చేవాళ్లకి గండం. అందుకే రేసుల్లో 'దారి జారుతోంది జాగ్రత్త' అని చెప్పడానికి పసుపు, ఎరుపు చారల జెండా ఒకటి ప్రత్యేకంగా ఉంది. ట్రాక్ మీదికి పంపే ముందు కారు కింద చుక్క ఆయిల్ ఉందేమోనని వెతికేది కూడా అందుకే.

మనింటి కారుకీ...

మాకెందుకీ రేసుల గోల అంటారా? పది లక్షల లోపు కార్లలోనూ ఇప్పుడు టర్బో పెట్రోలు ఇంజిన్లు వస్తున్నాయి. విజయవాడ హైవే మీద జోరుగా వచ్చి, సూర్యాపేట దాబా ముందు టక్కున ఆపేస్తున్నారా? ఒకట్రెండు నిమిషాలు ఇంజిన్‌ని అలాగే తిరగనివ్వండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి. మార్చే గడువు దాటనివ్వకండి. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఎర్రదీపం వెలిగితే ఇంటిదాకా వెళ్దాంలే అనుకోకుండా అక్కడే ఆపండి.

అన్నట్టు, ఒకప్పుడు రేసు ఇంజిన్లలో పోసింది ఏమిటో తెలుసా? మన పాలమూరు చేలల్లో పండే ఆముదం! క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లిషు పేరులోంచి పుట్టిందే. నూరేళ్లలో ఆముదం పోయి సింథటిక్ ఆయిల్ వచ్చింది, ఇంజిన్లు చిన్నవయ్యాయి, వేగం పెరిగింది. సూత్రం మాత్రం మారలేదు. ఆయిల్ ఉండాల్సిన చోట ఉంటేనే ఇంజిన్ ఉంటుంది. దాని సంగతి మరిచిపోతే... ఆముదం తాగిన మొహంతో మెకానిక్ ముందు నిలబడాల్సిందే!