అలమరలో డకోటా

1935 డిసెంబరు 17న అమెరికాలో తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3, రెండో ప్రపంచ యుద్ధంలో సీ-47 అనే సైనిక రవాణా రూపంలో వేల సంఖ్యలో తయారై, బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన డకోటా అన్న పేరుతోనే మన దేశంలో స్థిరపడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు ఇక్కడి విమాన సంస్థలకు చౌకగా దొరికాయి. నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంలో బేగంపేట కేంద్రంగా నడిచి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఈ విమానాలనే నడిపింది. పాత ప్రయాణికుల విమానాల డైకాస్ట్ నమూనాలు సేకరించేవారికి డీసీ-3 మీద ఉన్న మక్కువకు, ఇన్ని దేశాల్లో ఇన్ని సంస్థల రంగులు ధరించిన దాని చరిత్రే ప్రధాన కారణం.

కరిగించిన జింకు మిశ్రమలోహాన్ని, అంటే సుమారు నాలుగు శాతం అల్యూమినియంతో పాటు స్వల్పంగా ఇతర లోహాలు కలిసిన జింకును, అధిక పీడనంతో ఉక్కు అచ్చులోకి పంపి గట్టిపరచే పద్ధతినే డైకాస్టింగ్ అంటారు. 1:200 నిష్పత్తిలో, అంటే అసలు కొలతలో రెండువందలో వంతుగా చేసినప్పుడు, డీసీ-3కి ఉన్న 29 మీటర్ల రెక్కల వెడల్పు పద్నాలుగున్నర సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అసలు విమానంపై రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న అతుకు ఈ లెక్కన మిల్లీమీటరులో నూరో వంతే కావాలి. అంత సన్నని గీత అచ్చులో నిలవదు గనుక తయారీదారు దానిని కొంత లోతుగా చెక్కక తప్పదు. ఎంత లోతు అన్నది తేల్చుకోవడంలోనే పనితనం తెలుస్తుంది. అక్షరాలను, చారలను మాత్రం సిలికాన్ మెత్తతో సిరాను ఎత్తి, వంపు తిరిగిన లోహంపై అద్ది ముద్రిస్తారు.

ఉక్కు అచ్చుకు ఖర్చు ఎక్కువ కావడంతో ఒకే అచ్చును పలు సంస్థల రంగుల్లో విడుదల చేయడం పరిపాటి. నిజమైన సేకర్త పరిశీలన ఇక్కడే మొదలవుతుంది. సీ-47కు ఎడమ వైపు సరుకు ఎక్కించే వెడల్పాటి జంట తలుపులు ఉండేవి. తొలినాటి డీసీ-3లలో అనేకం కుడి వైపు చిన్న తలుపుతో వచ్చాయి. యుద్ధానికి ముందరి అమెరికన్ సంస్థ రంగులు వేసిన నమూనాకు జంట తలుపుల గీతలు ఉంటే, రంగు ఎంత అందంగా ఉన్నా అది ఆ విమానం కాదు. నమూనా ఒక రకం విమానానికి కాక, తోకపై ఫలానా రిజిస్ట్రేషన్ ఉన్న ఒకే ఒక విమానానికి ప్రతిరూపమైనప్పుడే దానికి చారిత్రక విలువ చేకూరుతుంది. మన దేశపు విమానమైతే ఆ రిజిస్ట్రేషన్ వీటీ అక్షరాలతో మొదలవుతుంది.

లోహం కదా అని ఈ నమూనాలు చిరకాలం నిలుస్తాయనుకోవడం సరికాదు. పోతలో సీసం వంటి మలినాలు స్వల్పంగా కలిసినా, తేమ తగిలినకొద్దీ లోహం లోలోపల క్షీణించి, ఉబ్బి, చివరకు పొడిపొడిగా రాలిపోతుంది. జింక్ పెస్ట్ అనే ఈ వ్యాధికి చికిత్స లేదు. లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ 1930లలో డింకీ టాయ్స్ పేరుతో చేసిన విమానాలలో చాలావాటికి ఇది పట్టింది. అందుకే ఆ కాలపు నమూనా కొనేవారు రంగు కంటే ముందు రెక్క అంచున వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో, రెక్క కొస వంకర తిరిగిందేమో చూస్తారు.