వాచీతోపాటు రావలసిన కాగితాలు

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ, దుబాయి వెళ్ళి సంపాదించుకొనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెలవుపై వచ్చేవారి పెట్టెలో ఒకప్పుడు అత్తరు, దుప్పటి, టేప్ రికార్డరు ఉండేవి. ఇప్పుడు కొందరి చేతికి లక్షల ఖరీదు చేసే స్విస్ గడియారం కనిపిస్తోంది. కొంతకాలానికి ఇంటి నిర్మాణమో, చెల్లెలి నికాహో ముందుకు వస్తుంది; గడియారం అమ్మకానికి వస్తుంది. మరోవైపు, పెళ్ళికుమారునికి పేరున్న గడియారమే పెట్టాలన్న ఒత్తిడితో, కొత్తది కొనే స్తోమత లేని వధువు తండ్రి అటువంటి పాత వాచీ కోసమే వెదకుతుంటాడు. (నికాహ్‌లో మహర్ చెల్లించవలసినవాడు వరుడు. అతడు మామగారి గడియారం కోసం ఎదురుచూడడం ఏమి న్యాయమో!) ఇటువంటి బేరాలు కర్నూలులోనైనా కడపలోనైనా తెలిసినవారి ద్వారా సాగుతుంటాయి. "మనవాడే కదా భాయ్, కాగితాలెందుకు?" అన్న మాటతో ముగుస్తాయి.

కాగితం అడగడం అపనమ్మకం కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, లావాదేవీలను వ్రాసుకోవడం గురించే. గడువుతో కూడిన ఋణం చిన్నదైనా పెద్దదైనా వ్రాసుకోవాలని అది ఆదేశిస్తుంది. అప్పటికప్పుడు చేతులు మారే వ్యాపారాన్ని వ్రాయకపోయినా దోషం లేదని, అయితే క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోవాలని చెబుతుంది. వాచీ అమ్మకం రొక్కపు బేరమే కదా అని ఎవరైనా అనవచ్చు. వాచీ వరకు అది నిజమే. కాని దానితోపాటు చేతులు మారుతున్న వారంటీ రాబోయే సంవత్సరాలకు సంబంధించిన వాగ్దానం. రేపు నెరవేర్చవలసిన మాటను నేడు వ్రాసుకోవడమే ఆ ఆయత్ స్ఫూర్తికి దగ్గరగా ఉంటుందని మా అభిప్రాయం.

ఆ వాగ్దానం ఎవరిది, ఎంతకాలానిది అన్నది మొదట తెలుసుకోవాలి. రోలెక్స్ సంస్థ 2015 జూలై నుంచి, ఒమేగా 2018 నవంబరు నుంచి తమ గడియారాలకు 5 సంవత్సరాల వారంటీ ఇస్తున్నాయి. లెక్క మొదలయ్యేది మీరు కొన్న రోజున కాదు, అధీకృత డీలరు మొదటి కొనుగోలుదారునికి అమ్మిన రోజున. 2022 మార్చిలో కువైట్‌లో కొన్న వాచీని మీరు 2025 మార్చిలో తీసుకొంటే మిగిలేది రెండేళ్ళే. తేదీ గాని డీలరు వివరాలు గాని లేని కార్డును నమ్ముకోరాదు. మధ్యలో అధీకృతం కాని రిపేరు దుకాణంలో వాచీని విప్పించి వేరే భాగాలు వేయించి ఉంటే, గడువు మిగిలి ఉన్నా వారంటీ చెల్లదు.

కార్డుపై ఉన్న సీరియల్ నంబరు, మోడల్ నంబరు వాచీపై ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పాత రోలెక్స్‌లో సీరియల్ నంబరు 6 అంకె వైపున, పట్టీ అమరే కొమ్ముల మధ్య ఉంటుంది. పట్టీ తీస్తేనే కనిపిస్తుంది. ఇటీవలివాటిలో డయల్ చుట్టూ ఉండే లోపలి వలయంపై చెక్కి ఉంటుంది. నకిలీ వాచీకి అసలు కార్డును జతచేసేవారు, కార్డునే నకిలీగా తయారుచేసేవారు ఉన్నారు. కనుక నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. డబ్బు చెల్లించకముందే అధీకృత సర్వీసు కేంద్రంలో విప్పించి చూపించాలి. అందుకోసం కర్నూలు నుంచి హైదరాబాదు దాకా వెళ్ళవలసివచ్చినా ఆ ప్రయాణపు ఖర్చు వృథా కాదు. ఇక అమ్మే దుకాణం "రెండేళ్ళ వారంటీ" అంటే అది కంపెనీదా, దుకాణానిదా అని అడగాలి. 2022 డిసెంబరు నుంచి రోలెక్స్ తన అధీకృత డీలర్ల ద్వారా ధ్రువీకరించిన పాత వాచీలకు స్వయంగా 2 సంవత్సరాల హామీ ఇస్తోంది. మిగతా దుకాణాల హామీ ఆ దుకాణం మాట మాత్రమే; అది బిల్లుపై వ్రాసి ఉండాలి.

గల్ఫ్ నుంచి వచ్చిన వాచీ విషయంలో మరొక కాగితం వారంటీ కార్డుకన్నా ముఖ్యమైనది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 123వ సెక్షన్ బంగారంతోపాటు గడియారాలను పేరుపెట్టి పేర్కొన్నది. దొంగతనంగా దేశంలోకి తెచ్చినదన్న సహేతుకమైన నమ్మకంతో అధికారులు వాచీని స్వాధీనం చేసుకొంటే, అది అటువంటిది కాదని నిరూపించుకోవలసిన భారం అది ఎవరి వద్ద దొరికిందో వారిపైనే ఉంటుంది. కొత్త వాచీకి విమానాశ్రయంలో సుంకం చెల్లించిన రసీదు ఉంటే దాన్ని అమ్మేవాడు కొనేవానికి అందజేయాలి. ఇవ్వలేనివాడు ఆ సంగతి దాచకుండా ముందే చెప్పాలి.

దాచకుండా చెప్పడం మర్యాద కోసం కాదు, సంపాదన ధర్మసమ్మతం కావడం కోసం. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన దైవప్రవక్త (సఅసం) ఆ వర్తకుణ్ణి మందలించిన సంఘటన మనకు తెలిసినదే. మార్చిన డయల్, పాలిష్‌తో అరిగిన కేసు, కార్డుకు చెందని పెట్టె: ఇవన్నీ ఆ తడి ధాన్యమే. లోపాన్ని దాచి అమ్మితే వస్తువును తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుందని ఫుఖహాలు స్పష్టం చేశారు. అన్నట్టు, వాచీ బంగారానిదైతే కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా పురుషుడు ధరించడానికి పనికిరాదు.

దుకాణంలో కొని మోసపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కర్నూలు, కడప వాసులు తమ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. దుకాణం హైదరాబాదులో ఉన్నా సరే. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించరాదు, రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. సలహాకు 1915 నంబరు ఉంది. కాని తన సొంత వాచీని అమ్ముకొన్న బంధువో మిత్రుడో వర్తకుడు కాడు. అతనిపై ఆ కమిషన్‌కు వెళ్ళడం కుదరదు. అక్కడ మీకు మిగిలేది సంతకం చేసిన రసీదు, ఇద్దరు సాక్షులు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారం మాత్రమే. 2 లక్షలు, ఆపై మొత్తాన్ని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఎలాగూ నిషేధించింది. రసీదులో సీరియల్ నంబరుతోపాటు వాచీలో మార్చిన భాగాలను కూడా వ్రాయించాలి.

ఈ కాగితాలను వాచీతోపాటు కువైట్ గదిలోని సూట్‌కేసులో పెట్టుకొనేవారు ఉన్నారు. ఆ మనిషికి అక్కడే ఏదైనా జరిగితే వాచీ ఇంటికి చేరవచ్చు, కార్డు చేరకపోవచ్చు. అప్పుడు వారసుల మధ్య పంచవలసిన ఆస్తికి విలువ కట్టేది ఎలా? కార్డు లేని వాచీకి కొనేవాడు తక్కువ ధరే చెబుతాడు. నష్టపోయేది వితంతువు, పిల్లలు. వాచీ అతని చేతికి ఉన్నా, కార్డు, బిల్లు, సుంకం రసీదు మాత్రం ఇంట్లో, భార్యకు తెలిసిన బీరువాలో ఉండాలి.