రూట్‌కు పలికే మోడెమ్ మనకెందుకు పలకదు?

లినక్స్ డెస్క్‌టాప్‌కు డయలప్ మోడెమ్ తగిలించినవాళ్లను బాగా తికమక పెట్టే చిక్కు ఒకటుంది. రూట్‌గా లాగిన్ అయితే నంబరు కలుస్తుంది, ఇంటర్నెట్ వస్తుంది. సొంత ఖాతాలోకి వచ్చి నంబరు కలిపే అదే ప్రోగ్రామ్‌ను, కేపీపీపీనో, డబ్ల్యూవీడయల్‌నో నడిపితే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. వెంటనే మోడెమ్‌నో, టెలిఫోన్ తీగనో అనుమానిస్తాం. అక్కర్లేదు. రూట్‌కు పనిచేసిందంటే మోడెమ్, లైను, పాస్‌వర్డ్ అన్నీ సవ్యంగానే ఉన్నట్టు. ఇక వెతకాల్సింది అనుమతుల్లోనే. రూట్‌కు కూడా పలకకపోతే అది వేరే జబ్బు. విన్‌మోడెమ్ రకం కార్డయితే ముందు డ్రైవర్ సంగతి చూడాలి.

లినక్స్‌లో మోడెమ్ కూడా ఒక ఫైలుగానే కనిపిస్తుంది. విండోస్‌లో కామ్1 అనే పోర్టు ఇక్కడ డెవ్ డైరెక్టరీలో టీటీవైఎస్0. 'ఎల్ఎస్ మైనస్ ఎల్' కొట్టి దాన్ని చూడండి. డెబియన్, ఉబుంటుల్లో యజమాని రూట్, గ్రూపు డయలౌట్ అని ఉంటుంది. ఆర్చ్‌లో ఆ గ్రూపు పేరు యూయూసీపీ. రూట్‌కు, ఆ గ్రూపువాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆ ఫైలు తెరిచే హక్కు లేదు. కాబట్టి మన ఖాతాను ఆ గ్రూపులో చేర్చాలి.

ఇక్కడ ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. అలా చేర్చడానికి వాడే యూజర్‌మాడ్ కమాండ్‌లో పెద్ద జీకి ముందు చిన్న ఏ తప్పనిసరి. అది మరిచిపోతే కొత్త గ్రూపులో చేరతాం గానీ, పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. వాటిలో సుడో కూడా ఉంటే, చేసిన తప్పు దిద్దుకునే అధికారమే చేజారుతుంది. రికవరీ మోడ్‌లోకి వెళ్లాల్సి వస్తుంది. డెబియన్ వాడేవాళ్లకు యాడ్‌యూజర్ నయం: ఖాతా పేరు, గ్రూపు పేరు ఇస్తే చాలు. ఆ తర్వాత తప్పకుండా లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలోనే అంటుకుంటుంది గనక, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కు కొత్త సభ్యత్వం తెలియదు. 'ఐడీ' అని కొడితే చేరిందో లేదో కనిపిస్తుంది.

నంబరు డయలై, అవతలి మోడెమ్ పలికాక కనెక్షన్ తెగిపోతోందా? అయితే ఆ తర్వాత కనెక్షన్‌ను నడిపే పీపీపీడీ ప్రోగ్రామ్ దగ్గర చూడండి. పీపీపీ0 అనే నెట్‌వర్క్ దారిని పుట్టించడం, రూటింగ్ మార్చడం రూట్ మాత్రమే చేయగల పనులు. అందుకే ఆ ప్రోగ్రామ్‌కు సెట్‌యూఐడీ గుర్తు పెడతారు. ఎవరు నడిపినా అది రూట్ అధికారంతో నడుస్తుంది. అంత బలమున్నదాన్ని అందరికీ వదలకూడదని డెబియన్ దాన్ని డిప్ అనే గ్రూపుకు పరిమితం చేసింది. అనుమతుల వరుసలో ఎస్ అక్షరం కనిపిస్తుంటే, డిప్‌లో చేరడమే మందు.

పాస్‌వర్డ్ ఉండే పాప్-సీక్రెట్స్, చాప్-సీక్రెట్స్ ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా రాసి ఉంటుంది కాబట్టే వాటిని రూట్ ఒక్కడే చదవగలడు. పీపీపీడీ రూట్ అధికారంతోనే నడుస్తుంది గనక మనకు ఆ హక్కు అవసరమూ లేదు.

మోడెమ్ ఫైలుకు 666 అనుమతి ఇచ్చేయమని సలహా చెప్పేవాళ్లుంటారు. ఆ సలహా నాకు ససేమిరా నచ్చదు. పరికరాల ఫైళ్లను చూసుకునే యూడెవ్ ఆ ఫైలును బూట్ అయిన ప్రతిసారీ కొత్తగా అమర్చుతుంది కాబట్టి మార్పు నిలవదు. నిలిచినంతసేపూ ఏ ఖాతాలోని ఏ ప్రోగ్రామైనా మన ఫోను వాడుకోగలదు. డయలప్ రోజుల్లో విండోస్ యంత్రాల్లో దూరి, ఖరీదైన నంబర్లకు ఫోన్లు చేసి బిల్లు పెంచిన డయలర్లు ఉండేవి. రోజూ రూట్‌గానే కనెక్ట్ కావడం కూడా మంచిది కాదు: అలా నడిపిన ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగితే రూట్ పేరుతో లాక్ ఫైలు మిగిలిపోవచ్చు, దాన్ని తీసే హక్కు మన ఖాతాకు ఉండకపోవచ్చు.

మోడెమ్ లేనివాళ్లకూ ఇది పనికొస్తుంది. ఆర్డుయినో బోర్డును లినక్స్‌కు తగిలిస్తే టీటీవైఏసీఎం0గానో, టీటీవైయూఎస్‌బీ0గానో కనిపిస్తుంది. ఉబుంటులో దాని గ్రూపు కూడా డయలౌటే. ప్రోగ్రామ్ ఎక్కడం లేదని బోర్డు మార్చే ముందు, విద్యార్థులారా, ఒక్కసారి 'ఐడీ' కొట్టి చూడండి.