గొంతులు పోగుచేసిన టెలిఫోను

టెలిఫోనులో ఎవరికైనా మీ ఇంటిపేరు పొడి అక్షరం చెప్పి చూడండి. ‘‘ఎస్సా, ఎఫ్ఫా?’’ అని అవతలివారు చాలాసార్లు మళ్లీ అడుగుతారు. ఎదురుగా నిలబడి చెప్పినప్పుడు రాని ఈ సందేహం ఫోనులో ఎందుకు వస్తుంది?

మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనాలున్న ధ్వనులను వినగలదు. ఈ కంపనాల సంఖ్యను హెర్ట్జ్‌లలో చెబుతారని మీరు చదివే ఉంటారు. పాత టెలిఫోను పద్ధతిలో సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే అవతలికి చేరుతుంది. మిగిలినదంతా కత్తిరింపే! ‘స’ అనేటప్పుడు పళ్ల సందునుంచి వచ్చే బుస ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అది పోయాక ‘ఎస్’కూ ‘ఎఫ్’కూ తేడా చాలా తగ్గిపోతుంది. ఇంకొక వింత వినండి. మగవారి గొంతులోని మూలస్వరం సాధారణంగా 100, 150 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అంటే ఫోనులో అది దాదాపు రానే రాదు. అయినా నాన్నగారి గొంతు సన్నగా మారినట్లు మీకు అనిపించదు. వచ్చిన పై స్వరాలను బట్టి రాని స్వరాన్ని మెదడు ఊహించుకుంటుంది.

కంప్యూటరుకు ఈ నేర్పు పుట్టుకతో లేదు. నిశ్శబ్దమైన గదిలో మంచి మైకు ముందు రికార్డు చేసిన మాటలతోనే దానికి పాఠం చెప్పారనుకోండి. ఫోనులో మాట వినగానే అది తడబడుతుంది. కనుక ఫోనులో వచ్చిన గొంతులనే దానికి వినిపించాలి.

1990 ప్రాంతంలో అమెరికాలోని నైనెక్స్ అనే టెలిఫోను సంస్థ ఒక తమాషా ఉపాయం చేసింది. అంతకుముందే 630 మంది తలా 10 వాక్యాలు చదవగా చేసిన రికార్డులు ఉన్నాయి. ఆ 6,300 వాక్యాలను ఒక ‘కృత్రిమ నోటి’తో టెలిఫోనులోకి పలికించి, లైన్ల మీదుగా పంపి, అవతల మళ్లీ రికార్డు చేశారు. ఎంచక్కా పని తేలిపోయింది! కాని అవి చదివిన వాక్యాలు. మాట్లాడేటప్పుడు మనం అలా ఉంటామా? నసుగుతాం, మధ్యలో ఆపేస్తాం, ఎదుటివారి మాటకు అడ్డు వస్తాం.

ఆ మాటల కోసమే 1990-91లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ‘స్విచ్‌బోర్డ్’ అనే సేకరణ చేపట్టింది. ఇందులో ఆపరేటరు కూడా యంత్రమే. ముందే ఒప్పుకున్న ఒక వ్యక్తి ఫోను చేస్తే, అది ఇంకొకరికి ఫోను కలిపి, ఒక విషయం ఇచ్చి, ఇద్దరి మాటలనూ విడివిడిగా రికార్డు చేసేది. ఒకసారి మాట్లాడుకున్న ఇద్దరిని మళ్లీ కలిపేది కాదు. ఇలా 543 మంది నుంచి సుమారు 2,400 సంభాషణలు పోగయ్యాయి. ఫోను మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఒక్కో బైటుగా దాస్తారు. ఒక మనిషి గంటసేపు చేసిన రికార్డుకు ఎన్ని బైట్లో మీరే లెక్కకట్టండి. 2 కోట్ల 88 లక్షలు వచ్చిందా?

మరి తెలుగు సంగతి? హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, హెచ్‌పీ ల్యాబ్స్ శాస్త్రజ్ఞులు తెలుగు, తమిళం, మరాఠీ భాషల్లో దాదాపు 560 మంది గొంతులను ల్యాండ్‌లైను మీద, సెల్‌ఫోను మీద సేకరించి, 2005లో ఆ వివరాలు ప్రకటించారు. తరువాత కొన్నేళ్లకు, రైతు ఫోను చేసి పంట పేరు చెబితే మార్కెట్ ధర పలికే యంత్రం మీద ట్రిపుల్ ఐటీలో పని జరిగింది.

ఇక్కడ చిక్కు హెర్ట్జ్‌లతో తీరేది కాదు. ఒకరు ‘వేరుశనగ’ అంటారు. తెలంగాణలో ‘పల్లి’ అంటారు. రాయలసీమలో ‘బుడ్డలు’ అనీ, ‘శెనక్కాయలు’ అనీ అంటారు. నగరంలో చదువుకున్నవారి గొంతులే పోగుచేస్తే, ధర అవసరమైన రైతు మాటే యంత్రానికి తెలియకుండా పోతుంది. అతడు మూడుసార్లు చెప్పి, ఫోను పెట్టేసి, దళారిని అడుగుతాడు. అందుకే ‘బుడ్డలు’ అన్న మాటను రోజూ అనేవారి నోటనే, వారి ఫోనులోనే, చుట్టూ ఉన్న సంత గోలతో సహా రికార్డు చేసుకోవాలి.