పాలపొడిలో నేమున్నదో యెట్లు కొలుతురు?

గత సంవత్సరము తలిదండ్రుల సభ ముగిసిన పిమ్మట, చంటిబిడ్డ నెత్తుకొనిన యొక తల్లి నాకు పాలపొడి డబ్బాను చూపి, "అయ్యవారూ, ఈ పొడిలో ఇన్ని ఉండాయని ఎవరు చూసినారు?" అని యడిగినది. నాడు నేను చెప్పిన జవాబు చాలలేదు. విద్యార్థులకును తెలియదగిన విషయము గనుక నిచ్చట వ్రాయుచున్నాను.

మొదట, ఎముకలకు వలసిన భాస్వరము. పొడిని తూచి, బూడిద యగువరకు కాల్చి, ఆ బూడిదను ఆమ్లములో కరగింతురు. అందు మాలిబ్డేటు లవణమును, పిదప మరియొక ద్రవ్యమును చేర్చినచో ద్రావణము నీలవర్ణమగును. భాస్వరమెంత హెచ్చో నీలమంత చిక్కన. పరిమాణము ముందే తెలిసిన ద్రావణపు నీలముతో దీనిని పోల్చి లెక్క కట్టుదురు. ఈ పద్ధతిని 1925లో ప్రకటించినవారు హార్వర్డు వైద్యకళాశాలలోని సైరస్ ఫిస్కేగారును, 1895లో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారును. నాడు కంటితో పోల్చిన రంగును నేడు యంత్రము కొలుచుచున్నది.

మాంసకృత్తుల లెక్క యింత సూటియైనది కాదు. డెన్మార్కు దేశస్థుడగు కెల్డాల్ 1883లో కనిపెట్టిన విధానమున, పొడిని గంధకామ్లములో నుడికించి, అందలి నత్రజనిని అమ్మోనియాగా వెలికి తీసి కొలుతురు; వచ్చిన యంకెను 6.25చే హెచ్చింతురు. అనగా కొలువబడునది నత్రజని; మాంసకృత్తు ఊహింపబడునది. ఈ సందును వంచకులు కనిపెట్టిరి. మెలమీను అను రసాయనపు బరువులో మూడింట రెండువంతులు నత్రజనియే. చైనాదేశమున నీళ్లు కలిపిన పాలలో దానిని చేర్చగా పరీక్షలో మాంసకృత్తులు సమృద్ధిగా కనబడెను. 2008లో ఆ మోసము బయటపడునప్పటికి ఆరుగురు శిశువులు మరణించిరి. సుమారు మూడులక్షలమంది రోగగ్రస్తులైరి, పెక్కుమందికి మూత్రపిండములలో రాళ్లు పుట్టెను. కెల్డాల్ లెక్క తప్పలేదు సుమా! అడిగిన ప్రశ్నకే అది జవాబు చెప్పినది. అటుపిమ్మట మెలమీనును ప్రత్యేకముగా వెదకు పరీక్షలు ఏర్పడెను.

విటమినులలో కొన్ని గ్రామునందు పదిలక్షలవంతుల లెక్కనుండును. ఫోలిక్ ఆమ్ల మట్టిది. 1945లో దీనిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకును సుబ్బారావుగారే నాయకులు. దానిని కొలుచుటకు సూక్ష్మజీవులే సాధనములు. పాలను పులియబెట్టు జాతికి చెందిన యొక బాక్టీరియమునకు, ఫోలిక్ ఆమ్లము తప్ప తక్కిన ఆహారమంతయు పెట్టి, పొడినుండి తీసిన రసమును కొంచెము చేర్తురు. అందున్న ఫోలిక్ ఆమ్లమునుబట్టి యది పెరుగును. పెరిగినకొలది గొట్టములోని ద్రవము మసకబారును. ఆ మసకనే కొలుతురు. ఇప్పుడు వేరు యంత్రములును గలవు గాని యీ పద్ధతిని విడిచిపెట్టలేదు.

ఈ పరీక్షలన్నియు పొడికే. ఇంట కలిపిన పాలకు గావు. తల్లిపాలు చాలని బిడ్డకు వైద్యుని సలహాపై పొడి వాడవలసివచ్చినచో, డబ్బాలోని చెంచాతోనే కొలువవలెను. పొదుపునకై నీరు హెచ్చించినచో డబ్బామీది యంకెలన్నియు తగ్గిపోవును. మరియు మన అనంతపురము సీమలో అనేక గ్రామముల బోరునీటియందు ఫ్లోరైడు అధికము. కాచుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది అది చిక్కబడును. నన్నడిగిన యా తల్లి యింట వాడునది బోరునీరే యని తెలిసి, ముందు దానిని పరీక్ష చేయింపుమని చెప్పితిని.